పెంకులో తీపి

తెల్లారి నాలుగున్నర. ఫిషింగ్ హార్బర్.
మంచుగడ్డలు నలిపే మర చప్పుడు మధ్య
రొయ్యలు ఒలుస్తోంది గనగళ్ళ కాసులమ్మ.
నా చేతిలో ఆమె రక్తం రిపోర్టు.
జగదాంబ దగ్గరి ల్యాబులో సూది గుచ్చింది నేనే,
చదివి చెప్పమని పిలిచిందీ నన్నే.

"ఏటి రాసినారే?"
షుగరు ఎక్కువ పిన్నీ. కొవ్వు ఎక్కువ.
"నానేటి, పాయసాలు తాగీసినానా?"

పాయసం అక్కర్లేదు.
రేషను బియ్యం మెతుకు ప్రతిదీ చక్కెర పూసల దండే.
మింగకుండా నములుతూ ఉండు,
కాసేపటికి నాలిక చివర తీపి తగులుతుంది.
దండ తెగడం నోట్లోనే మొదలు.

అవే పూసలు,
ముడి ఒక్కటి తిరగేసి కడితే
ఇక ఆకలి తీర్చవు.
నీ నూలు చీరవుతాయి. మీ మామ తెప్ప దుంగవుతాయి.
అన్నానికి దగ్గర చుట్టాలే అవి,
మన కడుపుకి ఆ ముడి విప్పడం రాదు.
ఆవుకీ రాదు,
దాని పొట్టలో అద్దెకున్న సూక్ష్మజీవులు విప్పి పెడతాయి.

రొయ్య తల విరిచి తట్టలో పడేసింది.
"మరి ఈ పెంకో?"

అదీ చక్కెరే. రవ్వంత నత్రజని కలిపి
వరస మీద వరస బిగించి నేసిన చక్కెర.
రోజూ నీ బొటనవేలు కోసేది అదే.

చెయ్యి ఆగింది.
పెంకు ముక్క ఒకటి నాలిక మీద పెట్టుకుంది.
ఉప్పు. ఉమ్మేసింది.
"సక్కెర జబ్బుదాన్ని,
ముప్పై ఏళ్ళ నుంచీ సక్కెర ఒలిసి
కిలోకింతని తీసుకుంతన్నానన్నమాట."

నవ్వాలో వద్దో తెలీలేదు నాకు.

"కొవ్వు సంగతి సెప్పు."
కాలేయంలో దాచేది నీ రొంటిన ఉన్న చిల్లర,
ఒక పూట పరుగుకి చాలు.
కొవ్వంటే పెట్టె అడుగున బంగారం:
కొంచెం చోటు, ఎక్కువ విలువ, నీటి బరువు లేదు.
బోట్లన్నీ జెట్టీకి కట్టేసే
వేట నిషేధం అరవై ఒక్క రోజుల కోసం
ఒళ్ళు వేసుకున్న చీటీ.

"దాసుకోడం తప్పేటే?"
తప్పు కాదు. ఆకలి మళ్ళీ వస్తుందని
మీ అమ్మమ్మ ఒళ్ళు నమ్మింది. నీదీ నమ్ముతోంది.
ఎవరు చెప్పినా వినదు.

అసలు కొవ్వే లేకపోతే మనకి గోడల్లేవు పిన్నీ.
హుద్‌హుద్ రాత్రి గుర్తుందా, జాలారిపేట స్కూల్లో?
రెండు వరసలుగా పడుకున్నాం,
కాళ్ళకి కాళ్ళు ఆనించి, తలలు తడిగోడల వైపు పెట్టి.
కణం చుట్టూ పొర అచ్చం అంతే.
తలలకి నీరంటే చుట్టరికం, తోకలకి నీరంటే పగ.
ఎవరూ మేకు కొట్టలేదు, ఎవరూ కుట్టు వెయ్యలేదు.
నీళ్ళకి జడిసి దగ్గరికి జరగడమే గోడ.

"మా సిట్టిగాడు మధ్యలో దూరీసినాడు కదే,
ఆడొచ్చినాక ఎవులూ అటూ ఇటూ దొర్లనేదు."
అలా దూరేవాడే కొలెస్ట్రాల్.
"కాయితంలో ఎక్కువని రాసింది ఈడి పేరేనా?"
వాడి పేరే.
కాసేపు రెండు రొయ్యలు ఒలిచింది.
"ఒక్కడు దూరితే ఎచ్చగుంతాది.
నలుగురు దూరితే తలుపు తియ్యనేం."

పదేళ్ళ చదువులో
ఇంత సూటిగా నాకెవరూ చెప్పలేదు.

పెంకుల తట్టలు లారీ ఎక్కాయి.
ఆ పొడితో గాయాలకి కట్టు చేస్తారని చదివాను.
ఆమె బొటనవేలికి చుట్టింది మాత్రం
పాత చీర పీలిక. అదీ చక్కెరే,
ముడి తిరగేసిన చక్కెర. చెప్పలేదు.

టీ కుర్రాడు వచ్చాడు.
"నాకు పంచదార ఒద్దురా," అంది.
డాల్ఫిన్స్ నోస్ మీద లైటు ఒకసారి తిరిగి వెళ్ళింది.
"అర సెంచా ఎయ్యి," అంది,
నా వైపు చూడకుండా.